తీసేసినవి

జిల్లా కోర్టు గోడవారన నాది నాలుగడుగుల కొట్టు.
ఇరవై రెండేళ్లుగా
ఆకుపచ్చ లెడ్జరు కాగితాల మీద
ఊళ్లోవాళ్ల ప్రమాణాలు కొడుతున్నాను.
సదరు, మజ్కూరు, పైన వివరించిన మేరకు...
నిద్రలో లేపినా నా వేళ్లకి వచ్చే మాటలు.

ఆ గుంట మొదటిసారి వచ్చిన రోజు కరెంటు లేదు.
ఇన్వర్టరు కూతపెడుతోంది.
"బయోడేటానా?" అన్నాను.
"సీవీ అండీ" అంది
పెన్‌డ్రైవ్‌ని చున్నీ అంచుతో తుడుస్తూ.

గరికిన నూకరత్నం. పెద జాలారిపేట.
లా చివరి సంవత్సరం.

సిరిపురంలో టాక్సు లాయర్లకి ఒకటి,
హైదరాబాదులో అద్దాల మేడవాళ్లకి ఒకటి,
బొంబాయికి రెండు.
ఒక్క పేజీ దాటకూడదని సీనియరెవరో చెప్పారట.
ఎవరికి ఏ ముక్క కావాలో అదే పెట్టాలట.
"మాయమ్మా అంతే కదండీ" అని నవ్వింది.
"హోటలోళ్లకి ముళ్లు తీసిస్తాది,
మెస్సోళ్లకి తలకాయ ఉంచుతాది.
వంజరం ఒకటే."

ముందు ఇంటిపేరు పొట్టిదైంది.
తర్వాత నూక పోయింది.
రత్న జి. అని మిగిలింది తెర మీద.
"నూకాలమ్మకి మొక్కుకున్న పేరు కదమ్మా" అన్నాను.
"ఫాంటు కలిసిరాట్లేదండీ" అంది.

ఈత వచ్చు అన్నది ఒకరికి ఉంచాం, ఇంకొకరికి తీశాం.
తెలుగు మీడియం
తొమ్మిదో సైజు అక్షరాల్లోకి జారిపోయింది.
లోక్ అదాలత్ బెంచీల మీద
ముసలమ్మలకి నోటీసులు చదివిపెట్టిన ఎండాకాలం
ఒక్క మీటలో మాయం.

కోర్టు కాగితం మీద కొట్టివేతకి ఒక పద్ధతుంది.
గీత గీసిన ప్రతిచోటా పక్కన పొట్టి సంతకం పడాలి.
ఎవరు తీశారో తెలియకుండా మాట పోకూడదు.
ఆ అలవాటు చొప్పునే కాబోలు
ఆ పిల్ల తీయించినవన్నీ
వేరే ఫైలులో దాస్తూ వచ్చాను.
పేరు: తీసేసినవి.

పదకొండోసారి వచ్చింది, చెప్పులనిండా ఇసకతో.
ఓడల తగాదాలు చూసే ఆఫీసట, పోర్టు దారిలో పాత మేడ.
సముద్ర చట్టం మీద ఆసక్తి ఎందుకో
నాలుగు వాక్యాలు రాయమన్నారట.
రాసుకొచ్చింది. చదివాను.
ఇంగిలీషు బాగుంది.
ఉప్పు లేదు.

ఏమీ అనకుండా ఆ ఫైలు తెరిచాను.
మూడోసారి వచ్చినప్పుడు తీయించిన వాక్యం:
తొమ్మిదో తరగతిలో ఉండగా
తండ్రి వలను రాత్రివేళ సరుకు ఓడ కోసుకుపోయినందున
నష్టపరిహారం కోరుతూ ఫిషరీస్ ఆఫీసుకి స్వయంగా రాసిన అర్జీలు, పదిహేడు.
"అనుభవం కిందికి రాదండీ" అనేసింది అప్పట్లో.

చాలాసేపు చూసింది.
బయట ఎవరో స్టాంపుల కోసం అరుస్తున్నారు.

"పంతొమ్మిదండీ" అంది.
"రెండింటికి రసీదియ్యలేదు."
"మరైతే పంతొమ్మిదని కొట్టనా?"
"వద్దు. రసీదున్నవే రాయండి."

అప్పుడు తెలిసింది నాకు,
ఎంతమంది నల్లకోట్లని చూశానో ఈ గోడవారన,
లాయరంటే ఎవరో.

కీబోర్డు తనవైపు లాక్కుంది.
ఇంటిపేరుతో సహా మొత్తం పేరు తనే కొట్టింది.
పేజీ ఒకటిన్నరైంది.
"మార్జిన్ల సంగతి నాకొదిలెయ్" అన్నాను.

ప్రింటు వేడివేడిగా బయటికొచ్చింది.
నా పెన్నడిగి, నిలబడే చదివి,
అడుగున ఒక్క వాక్యం మీద గీత గీసింది:
పన్నుల చట్టంపై చిన్ననాటి నుంచీ అపారమైన మక్కువ.
సిరిపురం కాపీలోంచి అలాగే వచ్చేసిందది.
నేను చెప్పలేదు, తనంతట తనే
గీత పక్కన రాసింది: గ. నూ.

దాన్నీ ఫైలులో వేశాను.

జవాబింకా రాలేదట.
నాకు ఇరవై రూపాయలు బాకీ.
చిల్లర లేదు, రేపిస్తానంది.